తాళం చెవి ఇస్తే డబ్బులిస్తామంటున్నారా? సంతకం పెట్టే ముందు ఇవి చూసుకోండి

చికాగోలో డెవాన్ అవెన్యూకి దగ్గర్లో మా ఖాలా కొడుకు కుటుంబం కిరాయికి ఉంటోంది. రెండంతస్తుల ఇల్లు. పైన భాయ్, భాభీ, ఇద్దరు పిల్లలు. కింద ఇంకో కుటుంబం. నెలనెలా మకాన్ మాలిక్‌కి కిరాయి కడుతూనే ఉన్నారు. కానీ ఆ మాలిక్ మాత్రం బ్యాంకుకి ఇంటి అప్పు కట్టడం మానేశాడు. ఆ సంగతి వీళ్లకి తెలియదు.

ఒకరోజు సాయంత్రం బ్రోకర్ ఒకతను వచ్చి తలుపు తట్టాడు. "ఈ ఇల్లు ఇప్పుడు బ్యాంకుది. రెండు వారాల్లో ఖాళీ చేసి, ఊడ్చి, తాళాలు చేతికిస్తే 2,000 డాలర్లు ఇస్తాం. ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడు. కింద ఇంటివాళ్లు భయపడి మర్నాడే సంతకం పెట్టేశారు. భాయ్ మాత్రం ఆ కాగితం ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపాడు. "నువ్వు బీకామ్ చేశావు గదా, ఇది మంచిదా కాదా చూసి చెప్పు" అన్నాడు.

రూపాయల్లో గుణించి చూస్తే పెద్ద మొత్తంలాగే కనిపించింది. నాక్కూడా మొదట "తీసేసుకో భాయ్" అనాలనిపించింది. రెండు రోజులు చదివాక, తెలిసిన వాళ్లని అడిగాక అర్థమైంది, అలా అని ఉంటే వాళ్లకి ఎంత నష్టం జరిగేదో. మన వాళ్లు అమెరికాలో ఎంతోమంది కిరాయి ఇళ్లలో ఉన్నారు. కొందరు అప్పు మీద ఇళ్లు కొన్నారు. ఇక్కడ హైదరాబాద్‌లో బ్యాంకు వేలంలో ఇల్లు కొనేవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ వ్యవహారం మొత్తం వివరంగా రాస్తున్నాను.

అసలు ఏమిటిది?

అమెరికాలో దీన్ని 'క్యాష్ ఫర్ కీస్' అంటారు. తాళం చెవులకు బదులు డబ్బు అన్నమాట. అప్పు కట్టని ఇంటిని బ్యాంకు జప్తు చేసి తన పేరు మీదికి తెచ్చుకుంటుంది. కానీ లోపల మనుషులు ఇంకా ఉంటారు. పాత యజమాని కావచ్చు, కిరాయిదారు కావచ్చు. వాళ్లని కోర్టు ద్వారా పంపే బదులు, "ఫలానా తేదీకి ఇల్లు పాడు చేయకుండా, సామాను తీసేసి, చీపురుతో ఊడ్చి అప్పగించండి, ఇంత ఇస్తాం" అని ఒప్పందం చేసుకుంటారు. స్టవ్, ఫ్రిజ్, తలుపులు, నల్లాలు ఎక్కడివి అక్కడే ఉండాలి. చివరి రోజు వచ్చి చూసుకుని, తాళాలు తీసుకుని చెక్కు ఇస్తారు.

జప్తు ఇళ్లలోనే కాదు, మామూలు కిరాయి ఇళ్లలోనూ ఇది ఉంది. ఇల్లు అమ్ముకోవాలనో, బాగు చేసి ఎక్కువ కిరాయికి ఇవ్వాలనో యజమాని అనుకున్నప్పుడు ఉన్నవాళ్లకి డబ్బిచ్చి పంపుతాడు. దాన్ని 'బయౌట్' అంటారు.

బ్యాంకు ఊరికే ఎందుకిస్తుంది?

ఊరికే ఇవ్వదు. లెక్క చూసుకునే ఇస్తుంది. ఉన్నవాళ్లు వెళ్లకపోతే బ్యాంకు కోర్టులో ఖాళీ చేయించే కేసు వేయాలి. లాయర్ ఫీజు, కోర్టు ఖర్చు, చివర్లో షెరీఫ్ మనుషులు వచ్చి సామాను బయట పెట్టించడం, వీటన్నిటికీ నెలలు పడుతుంది. అన్ని నెలలూ ఇంటి పన్ను, ఇన్సూరెన్స్ బ్యాంకే కట్టాలి. ఇల్లు అమ్ముడుపోదు.

ఇంకో భయం కూడా ఉంది. 2008 తర్వాతి సంక్షోభంలో ఇల్లు పోయిన కోపంతో కొందరు వెళ్తూ వెళ్తూ కిచెన్ అల్మారాలు, లైట్లు, స్టవ్‌లు పీక్కెళ్లారు. గోడలు పగలగొట్టారు. ఖాళీగా పడున్న ఇళ్లలో దొంగలు దూరి రాగి పైపులు కోసుకుపోయారు. అలా పాడైన ఇంటికి మరమ్మతులే వేల డాలర్లవుతాయి. వాటితో పోలిస్తే రెండు మూడు వేలిచ్చి మర్యాదగా ఇల్లు తీసుకోవడం బ్యాంకుకి చవక.

2010లో ఒక్క ఏడాదిలోనే అమెరికాలో 28 లక్షలకు పైగా ఇళ్లకు జప్తు నోటీసులు వెళ్లాయి. ఈ పద్ధతి పెద్ద ఎత్తున వాడుకలోకి వచ్చింది ఆ రోజుల్లోనే. ఇంటిని బ్యాంకు ఒప్పుకున్న తక్కువ ధరకి అమ్మేసి గానీ, నేరుగా బ్యాంకుకి రాసిచ్చి గానీ వెళ్లిపోయే కుటుంబాలకు ఇల్లు మారే ఖర్చుగా 3,000 డాలర్ల వరకు ఇప్పించే స్కీమ్‌ని ప్రభుత్వం కూడా 2010లో నడిపింది.

కాబట్టి ఆ బ్రోకర్ ఇచ్చేది ఖైరాత్ కాదు. బ్యాంకుకి మిగిలే ఖర్చులో ఒక ముక్క. మీరు దానికి బదులు ఇస్తున్నది ఆ ఇంట్లో ఇంకా ఉండటానికి చట్టం మీకిచ్చిన సమయం. ఆ సమయం ఎంతో తెలియకుండా ధర ఒప్పుకుంటే, కొట్లో బరువు తూచకుండా సరుకు అమ్మినట్టే.

కిరాయిదారుకి ఎంత సమయం ఉంది?

ఇల్లు జప్తయితే కిరాయిదారు వెంటనే రోడ్డు మీద పడాలన్నది చాలామంది అపోహ. అమెరికాలో 2009 మేలో ఒక కేంద్ర చట్టం వచ్చింది. నిజమైన కిరాయిదారుకి కొత్త యజమాని కనీసం 90 రోజుల నోటీసు ఇవ్వాలి. లీజు గడువు ఇంకా ఉంటే ఆ గడువు అయ్యేదాకా ఉండనివ్వాలి. కొన్నవాళ్లు తామే వచ్చి ఆ ఇంట్లో కాపురం ఉంటామంటే మాత్రం లీజు ఆగిపోతుంది, అయినా 90 రోజులు ఇవ్వాల్సిందే. ఈ చట్టం 2014 ఆఖరుకి గడువు తీరిపోయింది. 2018లో మళ్లీ తెచ్చి శాశ్వతం చేశారు.

'నిజమైన కిరాయిదారు' అనే మాట దగ్గర మన కుటుంబాలు జాగ్రత్తగా ఉండాలి. అప్పు తీసుకున్న యజమాని భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు కిరాయికి ఉన్నా ఈ రక్షణ వర్తించదు. కిరాయి కూడా ఆ ఏరియా రేటుకి దగ్గర్లో ఉండాలి. "మన మనిషే గదా" అని సగం కిరాయికి, రసీదు లేకుండా, చేతికి క్యాష్ ఇస్తూ ఉంటే రేపు నిరూపించుకోవడం కష్టం. అయినవాళ్ల మధ్య కాగితం ఎందుకు అనుకుంటాం. గొడవ వచ్చేది ఆ అయినవాళ్లతో కాకపోవచ్చు, వాళ్ల బ్యాంకుతో రావచ్చు.

ఇది కేంద్ర చట్టం ఇచ్చే కనీస రక్షణ. దాని పైన ఒక్కో రాష్ట్రం, ఒక్కో నగరం ఒక్కోలా ఉంది. అందుకే తాళాల ధర కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

టెక్సాస్‌లో, అంటే డాలస్ చుట్టుపక్కల మన వాళ్లు ఎక్కువగా ఉండే చోట, జప్తు సాధారణంగా కోర్టు లేకుండానే జరిగిపోతుంది. ప్రతి నెలా మొదటి మంగళవారం కౌంటీలో వేలం వేస్తారు. అన్నీ వేగంగా అయిపోతాయి కాబట్టి పాత యజమానికి బేరమాడే బలం తక్కువ. న్యూజెర్సీలో జప్తు కోర్టు ద్వారానే జరగాలి, ఏళ్లు పట్టొచ్చు. పైగా 1974 నాటి చట్టం ప్రకారం అక్కడ చాలామంది కిరాయిదారుల్ని సరైన కారణం లేకుండా పంపించలేరు. ఇల్లు బ్యాంకు చేతికి మారడం ఆ కారణాల్లో లేదు.

ఇక భాయ్ ఉండే చికాగో నగరం. అక్కడ 2013లో ఒక ఆర్డినెన్స్ వచ్చింది. జప్తయిన ఇంటిని తీసుకున్న బ్యాంకు, అర్హత ఉన్న కిరాయిదారుకి లీజు కొనసాగించాలి. కిరాయి పెంచినా 2 శాతం మించకూడదు. కొనసాగించడం ఇష్టం లేకపోతే ఇల్లు మారడానికి డబ్బు కట్టాలి. ఆర్డినెన్స్‌లో రాసిన ఆ మొత్తం ఎంతో తెలుసా? ఒక్కో ఇంటికి 10,600 డాలర్లు.

బ్రోకర్ ఇస్తానన్నది 2,000.

ఇల్లు మీదే అయితే?

జప్తయిన ఇల్లు మీ సొంతదే అయితే పైన చెప్పిన 90 రోజుల రక్షణ మీకుండదు. మీ రాష్ట్ర చట్టం ఎంత సమయం ఇస్తే అంతే. అయినా బ్యాంకు మీతో మాట్లాడుతుంది, ఎందుకంటే ఇల్లు పాడవకుండా చేతికి రావడం దానికి ముఖ్యం.

ఇక్కడ డబ్బు కంటే పెద్ద ప్రశ్న ఇంకోటుంది. ఇల్లు అమ్మగా వచ్చింది అప్పుకి సరిపోకపోతే మిగిలింది ఎవరు కట్టాలి? కొన్ని రాష్ట్రాల్లో బ్యాంకు ఆ మిగతా అప్పు కోసం మీ మీద మళ్లీ కేసు వేయొచ్చు. కాబట్టి తాళాల ఒప్పందంలో "మిగిలిన అప్పు అడగం" అని రాస్తారా లేదా అని ముందే అడగండి. 3,000 చేతికి తీసుకుని, తర్వాత 40,000 కట్టమని నోటీసు వస్తే ఆ ఒప్పందం వల్ల లాభమేంటి? ఆ ఒక్క లైన్ కోసం డబ్బు కొంచెం తగ్గించుకున్నా నష్టం లేదు.

మామూలు కిరాయి ఇంట్లో ఖాళీ చేయమంటే?

యజమానులు కిరాయిదారుల్ని తొందరపెట్టి సంతకాలు తీసుకుంటున్నారని కొన్ని నగరాలు రూల్స్ పెట్టాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2015 నుంచి, బేరం మొదలుపెట్టే ముందే మీ హక్కులేంటో యజమాని కాగితం మీద ఇవ్వాలి. సంతకం పెట్టాక కూడా 45 రోజుల్లోపు మనసు మార్చుకోవచ్చు. లాస్ ఏంజెలెస్‌లో కిరాయి నియంత్రణ ఉన్న ఇళ్లలో ఆ గడువు 30 రోజులు, ఒప్పందాన్ని నగర హౌసింగ్ శాఖలో దాఖలు చేయాలి. న్యూయార్క్‌లో కిరాయిదారు "నాకొద్దు" అని రాసిస్తే యజమాని 180 రోజులపాటు మళ్లీ ఆ మాట ఎత్తకూడదు.

ఇన్ని నగరాలు ఇన్ని రూల్స్ పెట్టాయంటే, ఇంటి గుమ్మంలో నిలబడి పెట్టించే సంతకంలో మోసం జరిగే అవకాశం ఎక్కువని అర్థం.

సంతకానికి ముందు చూడాల్సినవి

ఒకటి, వచ్చింది ఎవరు? బ్యాంకు పేరు చెప్పే ప్రతివాడూ బ్యాంకు మనిషి కాదు. ఇల్లు ఎవరి పేరు మీద ఉందో కౌంటీ రికార్డుల్లో చూడొచ్చు. బ్యాంకుకి మీరే ఫోన్ చేసి కనుక్కోండి, అతనిచ్చిన నంబర్‌కి కాదు.

రెండు, అదే రోజు సంతకం పెట్టొద్దు. "ఈ ఆఫర్ ఇవాళ్టి వరకే" అంటే ఇంకా అనుమానించండి. చాలా నగరాల్లో ఉచిత న్యాయ సహాయం ఇచ్చే సంస్థలు, కిరాయిదారుల హెల్ప్‌లైన్లు ఉన్నాయి. ఇంగ్లీష్ రాకపోతే తెలిసినవాళ్లని పక్కన పెట్టుకుని ఫోన్ చేయండి.

మూడు, ఖర్చు లెక్కేసుకోండి. కొత్త ఇంటికి మొదటి నెల కిరాయి, డిపాజిట్, ట్రక్కు, పనికి సెలవు పెడితే పోయే జీతం, పిల్లల స్కూల్ మార్పు. ఇవన్నీ కలిపి వచ్చే మొత్తం కంటే ఆఫర్ తక్కువైతే మీరు డబ్బు తీసుకుని వెళ్లడం లేదు, ఎదురు కట్టి వెళ్తున్నారు. తేదీ మీద కూడా బేరమాడొచ్చు. స్కూల్ సంవత్సరం అయ్యేదాకా సమయం అడిగి ఇప్పించుకున్నవాళ్లూ ఉన్నారు.

నాలుగు, డిపాజిట్ వేరు, ఈ డబ్బు వేరు. రెండూ కలిపి "ఇంత" అంటే ఒప్పుకోకండి. మీ డిపాజిట్ ఎలాగూ మీదే.

ఐదు, అంతా కాగితం మీద ఉండాలి. ఎంత, ఏ తేదీకి, ఇల్లు ఏ స్థితిలో ఇవ్వాలి, ఎవరెవరు ఖాళీ చేయాలి, కోర్టు కేసు వేయరా, వేసి ఉంటే వెనక్కి తీసుకుంటారా. ఈ చివరిది ముఖ్యం. ఖాళీ చేయించే కేసు ఒకసారి రికార్డుకెక్కితే తర్వాత ఇల్లు కిరాయికి దొరకడం కష్టమవుతుంది.

ఆరు, ఒక చేత్తో తాళాలు, ఇంకో చేత్తో చెక్కు. "తర్వాత పోస్టులో పంపుతాం" అంటే కుదరదని చెప్పండి. మామూలు చెక్కు కాకుండా బ్యాంకు తీసిచ్చే క్యాషియర్ చెక్కు అడగండి. వెళ్లే రోజు ప్రతి గది వీడియో తీసి పెట్టుకోండి.

ఏడు, పన్ను. బ్యాంకు ఇచ్చే ఈ డబ్బు అమెరికాలో ఆదాయం కిందే లెక్క. ట్యాక్స్ రిటర్న్‌లో చూపించాలి. కొంత పక్కన పెట్టుకోండి.

మన దగ్గర సంగతేంటి?

హైదరాబాద్‌లో బ్యాంకులు తాళాలకు డబ్బివ్వడం మామూలు కాదు. మన బ్యాంకులకి 2002 నాటి సర్ఫేసీ చట్టం ఉంది. కిస్తీ 90 రోజులు దాటి బాకీ పడితే ఖాతా మొండి బాకీ అవుతుంది. తర్వాత 60 రోజుల నోటీసు వస్తుంది. ఆ నోటీసు మీద మీరు అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. అప్పటికీ కట్టకపోతే ఇంటిని స్వాధీనం చేసుకున్నట్టు నోటీసు అంటించి పేపర్లో వేస్తారు. అది కాగితం మీది స్వాధీనమే. లోపలున్నవాళ్లని నిజంగా పంపాలంటే బ్యాంకు మేజిస్ట్రేట్ సాయం తీసుకుంటుంది. బ్యాంకు తీసుకున్న చర్య మీద 45 రోజుల్లోపు రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కి వెళ్లొచ్చు.

వేలంలో చవగ్గా వస్తుందని ఇల్లు కొనే మన వాళ్లు చిక్కుకునేది ఇక్కడే. ప్రకటనలో 'ఉన్నది ఉన్నట్టుగా' అని ఉంటుంది. బ్యాంకు చేతిలో ఉన్నది కాగితం మీది స్వాధీనమే అయితే, లోపలున్న కుటుంబాన్ని పంపే తలనొప్పి మీ నెత్తిన పడొచ్చు. కొన్నవాళ్లు చివరికి సొంత జేబులోంచి ఎంతో కొంత ఇచ్చి ఖాళీ చేయించుకుంటారు. పేరు లేదు గానీ అదీ 'క్యాష్ ఫర్ కీస్' లాంటిదే. కాబట్టి డబ్బు కట్టే ముందే ఇంటికెళ్లి చూడండి. లోపల ఎవరున్నారో, ఏ హక్కుతో ఉన్నారో అడగండి.

అలాంటి ఇంట్లో కిరాయికి ఉన్నది మీరే అయితే, 2016 సవరణ తర్వాత ట్రైబ్యునల్ ముందు మీ కిరాయి హక్కు చెప్పుకోవచ్చు. అయితే 60 రోజుల నోటీసు వచ్చాక రాసుకున్న అగ్రిమెంట్ చెల్లదు. తాకట్టు షరతులకు విరుద్ధంగా ఇచ్చిన కిరాయి కూడా చెల్లదు. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ అయి ఉండాలి. అందుకే మన దగ్గర అందరూ 11 నెలల అగ్రిమెంట్ రాసుకుంటారు.

సొంతిల్లు కిరాయికిచ్చిన చాచాలు, ఖాలాలకూ ఒక మాట. కిరాయిదారు వెళ్లట్లేదని తాళం మార్చడం, నల్లా ఆపేయడం, కరెంటు తీసేయడం చేయకండి. చట్టప్రకారం కాకుండా బయటికి నెట్టేస్తే అతను 6 నెలల్లోపు కోర్టుకెళ్లి మళ్లీ స్వాధీనం అడగొచ్చు. దానికన్నా కూర్చుని మాట్లాడి, రెండు నెలల కిరాయి మాఫ్ చేసి, అడ్వాన్స్ పూర్తిగా వాపస్ ఇస్తానని రాసిస్తే చాలా గొడవలు అక్కడే తీరిపోతాయి. కిరాయిదారు కూడా ఆ ఇంటిని అమానత్‌లా చూసుకుని, గోడకి మేకు కొట్టిన చోట సున్నం పూసి, శుభ్రం చేసి అప్పగించాలి. డబ్బు తీసుకున్నాక ఇల్లు పాడు చేసి పోవడం మాట తప్పడమే.

చివరికి ఏమైంది?

భాయ్ సంతకం పెట్టలేదు. లీజు కాపీ, ఏడాది కిరాయి చెక్కులు తీసుకుని ఉచిత న్యాయ సహాయ కేంద్రానికి వెళ్లాడు. వాళ్లు బ్యాంకుకి ఒక ఉత్తరం రాశారు. ఆ తర్వాత బ్రోకర్ మళ్లీ తలుపు తట్టలేదు, బ్యాంకు లాయర్ ఫోన్ చేశాడు. పిల్లల పరీక్షలయ్యేదాకా అదే ఇంట్లో ఉండి, ఆర్డినెన్స్ ప్రకారం రావాల్సింది మొత్తం తీసుకుని జూన్‌లో వేరే ఇంటికి మారారు. వెళ్లే ముందు భాభీ ఇల్లంతా తడిగుడ్డ పెట్టి మరీ తుడిచిందట.

కింద ఇంటివాళ్లు 2,000కే వెళ్లిపోయారు. ఇప్పుడు ఎక్కడున్నారో భాయ్‌కి తెలియదు. "ఆ రోజు నేను వాళ్ల తలుపు తట్టి, ఒక్కరోజు ఆగండి అని చెప్పి ఉండాల్సింది" అని ఫోన్‌లో రెండుసార్లు అన్నాడు. మీకు తెలిసిన వాళ్లెవరైనా అలాంటి కాగితం చేతిలో పట్టుకుని కనిపిస్తే ఆ ఒక్క మాట చెప్పండి.